ఒకటో నంబరు రోడ్డుకి మెడ ఎందుకు సన్నం?

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)లో సిద్దిపేట బస్సెక్కితే మొదటి గంట మనం ఎక్కడికీ పోయినట్టుండదు. కార్ఖానా, తిరుమలగిరి, లాల్‌బజార్, లోతుకుంట, అల్వాల్, బొల్లారం... కండక్టర్ అందరికీ టికెట్లు కొట్టి, చిల్లర ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చి, లెక్క చూసుకుని తన సీట్లో కూలబడేసరికి కూడా బస్సు హకీంపేట దాటదు. తూంకుంట పోయి శామీర్‌పేట చెరువు కనబడ్డాక డ్రైవర్‌కి ప్రాణం లేచొస్తుంది. అక్కడి నుంచి నాలుగు వరుసల రోడ్డు, మధ్యలో డివైడరు, పక్కన పొలాలు. మిగతా దూరం సాఫీగా సాగుతుంది.

ఇది తెలంగాణ రాష్ట్ర రహదారి నంబర్ 1. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ దీని నంబరు అదే. కాగితం మీద పేరు రాజీవ్ రహదారి. అల్వాల్‌లో ఎవర్నడిగినా మాత్రం కరీంనగర్ రోడ్డనే అంటారు. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, రామగుండం మీదుగా గోదావరి దాటి మంచిర్యాల చేరుతుంది. కరీంనగర్‌కి సుమారు 160 కిలోమీటర్లు. జనం అంతగా లేనిచోట విశాలంగా ఉండే ఈ రోడ్డు, రోజూ లక్షలమంది తిరిగే చోట ఎందుకు ఇరుకైంది?

“ఊళ్లో రోడ్డు ఇరుగ్గానే ఉంటది, దీనికి ఇంత చర్చ ఎందుకు” అనొచ్చు. కానీ ఇదే నగరం నుంచి బయల్దేరే ముంబయి రోడ్డు, విజయవాడ రోడ్డు, బెంగళూరు రోడ్డు శివార్లలో ఎంతెంత వెడల్పయ్యాయో చూడండి. వాటి పక్కనా దుకాణాలున్నాయి, గుళ్లున్నాయి, కోర్టు కేసులున్నాయి. అయినా పని జరిగింది. ఇక్కడ అడ్డుపడింది దుకాణాల వరస కాదు, భూమి హక్కుల కాగితం. ఆ కాగితం కథ రెండు వందల ఏళ్ల కిందటిది.

దారికంటే ముందు దండు

1798లో నిజాం అలీ ఖాన్ ఈస్ట్ ఇండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ పటాలాలు హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన, ఊరికి దూరంగా డేరాలు వేశాయి. 1806లో ఆ దండు విడిదికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అలా సికింద్రాబాద్ పుట్టింది. స్కూల్లో ఇంతవరకు చదువుకున్నాం. బొల్లారం సంగతి మాత్రం పాఠంలో ఉండదు. నిజాం సొమ్ముతో పోషిస్తూ బ్రిటిష్ అధికారుల చేతికింద నడిచే ఇంకో సైన్యం ఉండేది. దాన్ని హైదరాబాద్ కాంటింజెంట్ అనేవారు. దాని స్థావరం బొల్లారం. అంటే ఇటు సికింద్రాబాద్‌లో కంపెనీ దండు, అటు పది పన్నెండు కిలోమీటర్ల అవతల కాంటింజెంట్ దండు. 1857 తిరుగుబాటు తర్వాత మధ్యలో తిరుమలగిరి దగ్గర కందకం తవ్వి, రాతిగోడ కట్టి, తెల్ల సిపాయిలకి కోటలాంటి విడిది ఏర్పాటు చేశారు.

ఇప్పుడు మ్యాపు మీద వేలు పెట్టి సికింద్రాబాద్‌లోని ప్యారడైజ్ కూడలి నుంచి బొల్లారం దాకా గీత గీయండి. అది కరీంనగర్ రోడ్డులో మొదటి ముక్క. కరీంనగర్ పోవడానికి వేసిన దారి కాదది, ఒక దండు నుంచి ఇంకో దండుకి పోయే దారి. బస్సు ఆగే పేర్లు వినండి: కార్ఖానా, లాల్‌బజార్, బొల్లారం బజార్. కరీంనగర్, సిద్దిపేటల ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ సైన్యం చుట్టూ పెరిగిన పేర్లే.

ఈ దారి మీద ఎవరు నడవాలన్న గొడవ కూడా కొత్తది కాదు. 1855లో బొల్లారంలో మొహర్రం ఊరేగింపు విషయంలో కాంటింజెంట్ బ్రిగేడియర్ కాలిన్ మెకెంజీకీ, అతని చేతికింది రిసాలా (గుర్రపు దళం) సిపాయిలకీ పేచీ వచ్చింది. ఆంక్షలు పెట్టిన దొర మీద సిపాయిలు కత్తులు దూశారు. ఒంటినిండా గాయాలైనా అతను బతికి బయటపడ్డాడు. ఆ గొడవ మీద అప్పట్లో లండన్ దాకా వాదోపవాదాలు నడిచాయి. ఇవాళ అదే బొల్లారంలో డిసెంబర్‌లో రాష్ట్రపతి విడిదికి వచ్చినప్పుడు ట్రాఫిక్ మళ్లిస్తే ఎవరూ కత్తులు దూయరు. హారన్లు కొట్టి ఊరుకుంటాం.

ఆ విడిది, రాష్ట్రపతి నిలయం, 1860లో కట్టింది. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ వేసవి బంగళా. ఆవరణ 90 ఎకరాలు. 2023 నుంచి ఏడాది పొడుగునా సామాన్యులనూ లోపలికి రానిస్తున్నారు. నా ఉద్దేశంలో ఈ రోడ్డు మీద దిగి చూడదగ్గ చోటు అదొక్కటే. మిగతావన్నీ కిటికీలోంచి చూసినా చాలు.

కంటోన్మెంట్ భూమి అంటే ఏమిటి

స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం పోయాడు, దండు మాత్రం అక్కడే ఉంది. బ్రిటిష్ సైన్యం భూములు భారత సైన్యానికి వచ్చాయి. తిరుమలగిరిలో సైనిక ఇంజినీరింగ్ కళాశాల, సైనిక ఆసుపత్రి. హకీంపేటలో వైమానిక దళం శిక్షణ స్థావరం. వాటి మధ్యలో సివిలియన్ బస్తీలు. ఈ మొత్తానికి మున్సిపాలిటీ బదులు సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు ఉంది. అది నడిచేది రాష్ట్ర మున్సిపల్ చట్టం కింద కాదు, పార్లమెంటు చేసిన 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద.

చిక్కుముడి ఇక్కడే పడుతుంది. మామూలు చోట రాష్ట్ర ప్రభుత్వం రోడ్డు వెడల్పు చేయాలంటే భూసేకరణ నోటీసు ఇస్తుంది, బేరం కుదరకపోతే కోర్టు, కోర్టు తేలాక పరిహారం, చివరికి పొక్లెయిన్. ఎంత ఆలస్యమైనా ఏదో ఒకరోజు అయిపోతుంది. రక్షణ శాఖ భూమి విషయంలో ఆ దారి మూసుకుపోయింది. కేంద్రం భూమిని రాష్ట్రం సేకరించడానికి వీల్లేదు, అడుక్కోవాల్సిందే. అడిగినప్పుడు ఢిల్లీ నుంచి వచ్చే సమాధానం కూడా ప్రతిసారీ ఒకటే: సమాన విలువైన భూమి ఇంకోచోట ఇవ్వండి, లేదా దానికి తగ్గ విలువ కట్టండి. కంటోన్మెంట్‌లో ఏ గజం ఏ తరగతి భూమో రక్షణ ఎస్టేట్ల కార్యాలయం రిజిస్టర్లలో ఉంటుంది. నేరుగా సైన్యం అవసరాలకి ఉంచిన భూమిది ఒక తరగతి, బంగళాలది ఒకటి, బజార్లది ఒకటి. అందుకే అల్వాల్ వైపు ఇల్లు కొనేవాళ్లు ముందు అడిగేది “కంటోన్మెంటా, గ్రేటరా?” అని. గ్రేటర్ అంటే గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ, జీహెచ్ఎంసీ. రోడ్డుకి ఆ ప్రశ్న అడిగే అవకాశం లేదు. అది రెండింటిలోంచీ పోతుంది.

నిజానికి రెండే కాదు. ప్యారడైజ్ దగ్గర గ్రేటర్ పరిధిలో మొదలై కాసేపటికే కంటోన్మెంట్‌లోకి పోతుంది. లోతుకుంట దాటాక అల్వాల్. ఇది 2007 దాకా వేరే మున్సిపాలిటీ, ఆ ఏడాది చుట్టుపక్కల పురపాలక సంఘాలతోపాటు జీహెచ్ఎంసీలో కలిసింది. బొల్లారం వైపు మళ్లీ కంటోన్మెంట్. హకీంపేటలో వైమానిక దళం గోడ. తూంకుంటకి కొన్నేళ్లు సొంత మున్సిపాలిటీ ఉండేది, 2025 డిసెంబర్‌లో అదీ గ్రేటర్‌లో కలిసింది. ఇంతలో రోడ్డు మాత్రం రోడ్లు, భవనాల (ఆర్ అండ్ బీ) శాఖది, సిగ్నల్ పోలీసులది, కింద మురుగు కాల్వ ఇంకొకరిది. వర్షాకాలంలో గుంత పడితే ఎవరికి ఫోన్ చేయాలో తేల్చుకునేలోపు ఇంకో గుంత పడుతుంది. ఏ ఆఫీసుదో చెప్పను గానీ, ఒకసారి నేను చేసిన ఫిర్యాదుకి “మీరు చెప్పే స్తంభానికి ఇవతల మాది, అవతల కాదు” అని జవాబొచ్చింది. ఆ స్తంభం దగ్గరికి పోయి చూశాను. గుంత సరిగ్గా దాని కిందే ఉంది.

రైలు లేని దిక్కు

ఇరుకైనా జనం ఇంకో దారి చూసుకోలేదేం? ఎందుకంటే ఇంకో దారి లేదు. బొల్లారానికి నిజాం కాలంలోనే రైలు వచ్చింది గానీ, ఆ పట్టాలు మేడ్చల్, కామారెడ్డి మీదుగా నిజామాబాద్ వైపు పోయాయి. కాజీపేట మీదుగా పోయే లైను రామగుండం, మంచిర్యాలలని తాకింది. ఈ రెంటి మధ్యలో పడ్డ సిద్దిపేట, కరీంనగర్‌లకి రాజధానితో నేరుగా రైలు లేకుండా పోయింది. కరీంనగర్‌కి పెద్దపల్లి మీదుగా రైలు వచ్చినా హైదరాబాద్ పోవడానికది చుట్టుదారే. అందుకని ఒక పాత జిల్లా జనాభా అంతా డెబ్బై ఏళ్లుగా బస్సునే నమ్ముకుంది. బతుకమ్మ ముందురోజు జేబీఎస్‌కి వెళ్తే ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి 151 కిలోమీటర్ల లైనుకి 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర ప్రధాని శంకుస్థాపన చేశారు. 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకి మొదటి రైలు వచ్చింది. మంచిదే. కానీ రోజుకి ఒకటి రెండుసార్లు వచ్చే రైలు, పావుగంటకొకటి కదిలే బస్సు పని చేయదు.

జనంతోపాటు సరుకూ ఉంది. రామగుండంలో 1983లో ఎన్టీపీసీ మొదటి యూనిట్ మొదలైంది. పక్కనే సింగరేణి గనులు, బసంత్‌నగర్ సిమెంటు, ఎరువుల కర్మాగారం. బొగ్గు రైలెక్కుతుంది గానీ మిగతా లారీల్లో చాలావాటికి ఇదే దారి. ఇక ఈ వైపు కొస తీసుకుంటే, గత పాతికేళ్లలో శామీర్‌పేట చుట్టూ వచ్చినవి చూడండి: తుర్కపల్లిలో మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో బిట్స్ పిలానీ ప్రాంగణం, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు కూడలి. 2020 నవంబర్‌లో ప్రధాని కొవాగ్జిన్ తయారీ చూడటానికి వచ్చినప్పుడు హకీంపేటలో విమానం దిగి ఈ రోడ్డు మీదే జీనోమ్ వ్యాలీకి పోయారు. ఆయన అడ్డంకులన్నీ దాటిన చోట దిగారు. అది మనకి కుదరని సౌకర్యం.

టోల్ గేటు ఎక్కడ మొదలైతే వెడల్పు అక్కడ

రోడ్డు నాలుగు వరుసలు అయిన తీరు చూస్తే ఇరుకు సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2010లో ఆనాటి ప్రభుత్వం శామీర్‌పేట నుంచి రామగుండం దాకా 200 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డును బీఓటీ పద్ధతిలో ఒక కంపెనీకి అప్పగించింది. పెట్టుబడి కంపెనీది, కేంద్రం కొంత గ్రాంటు ఇస్తుంది, రోడ్డు వేసినాక ఇన్నేళ్లు టోల్ వసూలు చేసుకుని తర్వాత ప్రభుత్వానికి తిరిగి అప్పగించాలి. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్ దగ్గర కనబడే గేట్లు ఆ ఒప్పందం తాలూకువే. రేణికుంట అంటే తిరుపతి దగ్గరిది అనుకునేరు, ఇది కరీంనగర్‌కి ఇవతల ఉన్న ఊరు.

ఒప్పందం శామీర్‌పేట దగ్గరే ఎందుకు మొదలైంది? కంపెనీ లెక్కలో చూస్తే సబబే. శామీర్‌పేటకి అవతల భూమి దొరుకుతుంది, బండ్లు వేగంగా పోతాయి, గేటు పెట్టొచ్చు. ఇవతల గేటు పెడితే పాలు తేవడానికి తిరుమలగిరి పోయే అల్వాల్ మనిషి టోల్ కడతాడా? పైగా సగం భూమి సైన్యానిది. డబ్బు రాని, భూమి లేని ముక్కను ఎవరూ తీసుకోలేదు. ఫలితంగా 200 కిలోమీటర్ల గరాటు తయారైంది, దాని మూతి తిరుమలగిరిలో ఉంది. అవతల రోడ్డు బాగుపడే కొద్దీ ఇవతలికి బండ్లు ఇంకా తొందరగా వచ్చి పడ్డాయి.

వెడల్పు చేసిన భాగం మచ్చలేనిదని కాదు. పాత రోడ్డు ఊళ్లనీ చెరువు కట్టల్నీ తప్పించుకుంటూ మెలికలు తిరిగేది. నాలుగు వరుసలు చేసినప్పుడు ఆ మెలికల్లో చాలావాటిని అలాగే ఉంచేశారు. వంకర తీయాలంటే కొత్త భూమి కొనాలి, అది ఖర్చు. పలుకుబడి ఉన్నవాళ్ల భూములు తప్పించడానికే వంకరలు ఉంచారన్న మాట ఈ దారిలోని ఏ హోటల్లో కూర్చున్నా వినిపిస్తుంది. ఎంత నిజమో రుజువు నా దగ్గర లేదు గానీ, అరవై వేగానికి పుట్టిన మలుపుని వంద వేగంతో తిరిగితే ఏమవుతుందో ప్రజ్ఞాపూర్, కుకునూరుపల్లి వైపు ఊళ్లవాళ్లకి బాగా తెలుసు. కొమురవెల్లి జాతర రోజుల్లో కమాన్ దగ్గర రోడ్డు దాటే భక్తుల్ని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడే.

సిద్దిపేట దాటాక చెప్పుకోవాల్సింది తక్కువ. ఒక వింత మాత్రం ఉంది. సిద్దిపేటలో మెదక్ నుంచి ఎల్కతుర్తి పోయే జాతీయ రహదారి దీన్ని కోస్తుంది, కరీంనగర్‌లో జగిత్యాల నుంచి వరంగల్ పోయేది కోస్తుంది, గజ్వేల్ ప్రాంతంలో రేపు రీజినల్ రింగ్ రోడ్డు కోస్తుంది. వాటన్నిటికంటే రద్దీ ఉన్న ఈ రోడ్డు మాత్రం రాష్ట్ర రహదారిగానే ఉంది. జాతీయ హోదా రానందుకు బాధపడేవాళ్లున్నారు. నేను అంతగా పడను. హోదా మారినా కంటోన్మెంట్ భూమి కంటోన్మెంట్ భూమే.

గాల్లో 11 కిలోమీటర్లు, నేలకింద కొంచెం

తెలంగాణ వచ్చాక మొదటి ప్రభుత్వం ఈ భూమి కోసం ఏళ్ల తరబడి ఢిల్లీకి లేఖలు రాసింది. అప్పుడు అడిగింది రోడ్లకే కాదు, కొత్త సచివాలయం కట్టడానికి రక్షణ శాఖదే అయిన బైసన్ పోలో మైదానం కూడా. రెండూ ఒకే మూటలో కట్టడంతో పీటముడి పడిందని నా అభిప్రాయం. ఆటస్థలం మీద వచ్చిన కోపం రోడ్డు ఫైలు మీద కూడా పడింది. రాష్ట్రంలో, కేంద్రంలో ఏలుతున్న రెండు పార్టీల మధ్య చెడిన సంబంధాలు మిగతా పని చేశాయి.

2024 మార్చి 1న రక్షణ శాఖ సరేనంది. ఆరు రోజుల్లో, మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ కూడలి దాకా 18.1 కిలోమీటర్లు, ఆరు వరుసలు, అంచనా 2,232 కోట్లు. పని హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)ది. ఈ 18 కిలోమీటర్లూ ఫ్లైఓవర్ అనుకుంటారు చాలామంది. స్తంభాల మీద పోయేది సుమారు 11 కిలోమీటర్లే, మిగతాది నేల మీది రోడ్డే. హకీంపేట దగ్గర మాత్రం కొంత నేలకిందికి పోవాలి. తొలి ప్రతిపాదనలో ఆ సొరంగం 0.3 కిలోమీటర్లు.

సొరంగం ఎందుకంటే అక్కడ రన్‌వే కొస రోడ్డుకి దగ్గరగా ఉంది. యుద్ధ విమానాల పైలెట్లు శిక్షణ పొందే చోటది. దిగే విమానం దారిలో స్తంభాలు, వాటి మీద బస్సులు, బస్సుల పైన లైట్లు ఉండటానికి వీల్లేదు. అందుకని అల్వాల్‌లో ఇళ్ల మూడో అంతస్తు ఎత్తున పోయే దారి, హకీంపేట వచ్చేసరికి నేలకి దిగి, నేల కిందికి పోయి, మళ్లీ పైకి రావాలి.

భూమి లెక్కకి వస్తే మొత్తం 197 ఎకరాలు కావాలి. అందులో సుమారు 113 ఎకరాలు రక్షణ శాఖది, మిగతా 83 పైచిలుకు ప్రైవేటు వాళ్లది. ఇన్నేళ్లూ అందరి చూపూ ఆ 113 మీదే ఉంది. అది కదిలాక అసలు తలనొప్పి 83 దగ్గర మొదలైంది. అల్వాల్, లోతుకుంట వైపు రెండు తరాలుగా దుకాణాలు పెట్టుకున్నవాళ్లు “పైన వంతెన వేస్తున్నప్పుడు కింద 200 అడుగుల వెడల్పు ఎందుకు, తగ్గించండి” అని రోడ్డెక్కారు. అధికారులు ఏమంటారంటే, స్తంభానికీ పక్క రోడ్లకీ ర్యాంపులకీ స్థలం కావాలి, రేపు మెట్రో వస్తే దానికీ కావాలి. ఈ వాదనలో నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. వెడల్పు ఇప్పుడు తగ్గిస్తే ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే వ్యాసం ఎవరో రాస్తారు. తగ్గించకపోతే నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మూడు దుకాణాలు పోతాయి. అందులో ఒకటి మా ఇంటికి సైకిల్ పంక్చర్లు వేసిన కొట్టు.

మెట్రో మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. జేబీఎస్ నుంచి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్)కి మెట్రో 2020 ఫిబ్రవరిలో వచ్చింది, ఉత్తరం వైపు మాత్రం జేబీఎస్ దగ్గరే ఆగిపోయింది. 2025 జనవరి 1న ముఖ్యమంత్రి మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మెట్రో వేస్తామన్నారు. శామీర్‌పేట లైను 22 కిలోమీటర్లు. ఫ్యూచర్ సిటీ, మేడ్చల్ లైన్లతో కలిపి 86 కిలోమీటర్ల ప్రతిపాదన కేంద్రానికి పోయింది. రన్‌వే మెట్రోకీ రన్‌వేనే కాబట్టి హకీంపేటలో రైలు కూడా నేలకిందికి దిగక తప్పదు. అంటే కొద్ది వందల అడుగుల వెడల్పులో ఒక సర్వీసు రోడ్డు, ఒక హైవే సొరంగం, ఒక మెట్రో సొరంగం, పక్కన వైమానిక దళం గోడ. ఏది ముందు తవ్వాలి, ఎంత లోతులో తవ్వాలి అన్నది ఇంజినీర్ల లెక్క. ఎవరి సంతకం ముందు పడాలన్నది మాత్రం 1806 నుంచి మారని లెక్క.

మొన్న ఆదివారం శామీర్‌పేట చెరువు దగ్గర మక్క కంకులు కాల్చే ఆమెని అడిగాను, పైనుంచి రోడ్డు పడితే గిరాకీ పోతుంది కదమ్మా అని. బొగ్గుల మీద విసనకర్ర ఆపకుండానే, “ఆ తిరుమలగిరి దాటి ఇక్కడికొచ్చేసరికే అందరికీ ఆకలైతది బిడ్డా, అందుకే నా బేరం” అంది. కంకి ఇరవై రూపాయలు. ఉప్పూ కారం నిమ్మకాయతో రుద్ది ఇచ్చింది.